వైఫై ఆపండి, నెట్ ఆపకండి

హైదరాబాద్‌లో అమీర్‌పేట మైత్రీవనం నుంచి పంజగుట్ట చౌరస్తా దాకా, అటు ఎస్సార్ నగర్, బల్కంపేట, ఇటు ద్వారకాపురి కాలనీ సందుల్లో ఒకే ఫ్లాట్‌లో నలుగురైదుగురు కలిసి ఉండటం మామూలు విషయం. అద్దె పంచుకుంటారు, కరెంటు బిల్లు పంచుకుంటారు, నెట్ కనెక్షన్ కూడా ఒక్కటే తీసుకుంటారు. పంచుకోలేనిది వేళలు. ఒకరు పొద్దున్నే కోచింగ్ క్లాసుకు వెళ్లాలి. ఇంకొకరికి నిమ్స్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీ. మూడో మనిషి అమెరికా కంపెనీకి పని చేస్తుంటాడు. న్యూయార్క్‌లో ఉదయం 9 గంటలంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, చలికాలంలో 7:30. అదే కాలిఫోర్నియా అయితే ఆ 9 గంటలు మనకు రాత్రి 9:30కో 10:30కో మొదలై తెల్లారేదాకా సాగుతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు ఇక్కడి నుంచి ఆన్‌లైన్ క్లాసులు చెప్పేవారికి కూడా మన తెల్లవారుజామే అనువైన సమయం. ఇలాంటి ఇంట్లో రాత్రి పదకొండు కాగానే ఒకరు లేచి రౌటర్ స్విచ్ ఆపేస్తే నెట్ ఐదుగురికీ ఒకేసారి పోతుంది. దాంతో మిగతావాళ్లు కొత్త రౌటర్ కోసం వెతుకుతారు. ఎన్ని యాంటెన్నాలున్నాయి, ఎంత స్పీడు, ఏ కంపెనీ అని అడుగుతారు. ఈ ఇబ్బందికి ఆ ప్రశ్నల్లో జవాబు లేదు. చూడాల్సింది ఒక్కటే: ఆ రౌటర్ నెట్‌ను నిలిపే ఉంచి వైఫైని మాత్రం ఆపగలదా?

వైఫై, నెట్ ఒకటి కావు. రోజువారీ మాటల్లో రెండింటినీ కలిపేస్తాం కాబట్టే గొడవ అక్కడ మొదలవుతుంది. వీధి స్తంభం మీదుగా ఇంట్లోకి వచ్చే సన్నని ఫైబర్ తీగలో కాంతి ప్రయాణిస్తుంది. మన ఇళ్లకు వచ్చే సాధారణ జీపాన్ పద్ధతిలో కంపెనీ వైపు నుంచి 1490 నానోమీటర్ల కాంతి వస్తుంది, మన వైపు నుంచి 1310 నానోమీటర్ల కాంతి వెళ్తుంది. ఒకే పోగును 32 లేదా 64 ఇళ్లకు చీల్చి ఇస్తారు కాబట్టి, ఎవరు ఏ క్షణంలో కాంతి పంపాలో అవతలి యంత్రం నిర్ణయిస్తుంది. ఈ కాంతిని కరెంటు సంకేతాలుగా మార్చే భాగం పేరు ఓఎన్‌టీ. దాని తర్వాతి భాగం రౌటర్: వచ్చిన సమాచారం ఏ ల్యాప్‌టాప్‌కు, ఏ ఫోన్‌కు చేరాలో చూసుకుంటుంది. మూడోది రేడియో, దాన్నే మనం వైఫై అంటాం. ఇప్పుడు కంపెనీలు ఇచ్చే తెల్లపెట్టెల్లో చాలావాటిలో ఈ మూడూ కలిసే ఉంటాయి. గోడ స్విచ్ నొక్కితే మూడూ చచ్చిపోతాయి. నిజానికి ఆ స్విచ్ నొక్కేవాళ్ల అభ్యంతరాల్లో చాలావరకు మూడో భాగం మీదే. అది తేలాలంటే వాళ్లు చెప్పే కారణాలను ఒక్కొక్కటిగా లెక్కకట్టి చూడాలి.

అన్నిటికంటే ముందు వినిపించేది కరెంటు బిల్లు. ఇళ్లలోని పెట్టెలకు సాధారణంగా 12 వోల్టులు, 1 ఆంపియర్ అడాప్టర్ ఇస్తారు. అంటే అది బయటికివ్వగలిగే గరిష్ఠ శక్తి 12 వాట్లు, రాత్రి ఖాళీగా ఉన్నప్పుడు అంత కూడా లాగదు. అయినా 12 వాట్లనే అనుకుందాం. రాత్రి 11 నుంచి ఉదయం 6 దాకా 7 గంటలు, నెలకు 30 రోజులు లెక్కేస్తే సుమారు రెండున్నర యూనిట్లు. యూనిట్‌కు 10 రూపాయల చొప్పున వేసుకున్నా 25 రూపాయలు. ఐదుగురు పంచుకుంటే తలా ఐదు రూపాయలు. 2 కిలోవాట్ల గీజర్ పావుగంట నడిస్తే అర యూనిట్ ఖర్చవుతుంది, అది ఇలాంటి ఆరు రాత్రుల రౌటర్ ఖర్చుకు సమానం. 75 వాట్ల పాత సీలింగ్ ఫ్యాను తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పెడితే, రాత్రికి 8 గంటల చొప్పున నెలకు పది యూనిట్ల పైన మిగులుతాయి. ఒక్క సందర్భంలో మాత్రం ఈ వాదనను తోసేయకూడదు. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి గృహజ్యోతి అమలవుతోంది. అర్హులైన ఇళ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా. సరిగ్గా ఆ అంచున ఉన్న ఇంటికి రెండున్నర యూనిట్లు కూడా విలువైనవే. అలాంటి ఇంట్లో లెక్క చూసుకోవడం న్యాయం. అక్కడ కూడా ముందు వెతకాల్సింది ఫ్యాన్లలో, గీజర్‌లో.

రెండో కారణం రేడియేషన్ భయం. తలాపున పెట్టె వెలుగుతూ ఉంటే నిద్రలో ఏదో జరుగుతుందని చాలామంది మనసారా నమ్ముతారు. ఆ భయాన్ని ఎగతాళి చేస్తే గదిలో మాటలు ఆగిపోతాయి, అంకెలతో జవాబివ్వాలి. ఇంటి రౌటర్ వెదజల్లే శక్తి మామూలుగా పదోవంతు వాట్ స్థాయిలో ఉంటుంది. అది అన్ని దిక్కులకూ సమానంగా పరచుకుంటుందనుకుంటే, రెండు మీటర్ల దూరంలో ఒక చదరపు మీటరుకు చేరేది సుమారు 2 మిల్లీవాట్లు. సామాన్య ప్రజలకు ఐసీఎన్‌ఐఆర్‌పీ అనే అంతర్జాతీయ సంఘం ఈ పౌనఃపున్యాల దగ్గర పెట్టిన హద్దు చదరపు మీటరుకు 10 వాట్లు, అంటే దీనికి 5,000 రెట్లు. సెల్ టవర్ల విషయంలో మన దేశం 2012 సెప్టెంబరు నుంచి ఆ హద్దును పదోవంతుకు తగ్గించింది. ఆ కఠినమైన కొలతతో పోల్చినా మన రౌటర్ 500 రెట్లు కింద ఉంటుంది. పైగా రాత్రి ఎవరూ వాడనప్పుడు అది నిరంతరాయంగా ప్రసారం చేయదు. తాను ఉన్నానని చెప్పే చిన్న సంకేతాన్ని సెకనుకు సుమారు పదిసార్లు పంపి, మధ్యలో దాదాపు మౌనంగా ఉంటుంది.

దీనికి ఎదురుగా వచ్చే గట్టి ప్రశ్న ఒకటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అనుబంధ సంస్థ ఐఏఆర్‌సీ 2011 మేలో రేడియో తరంగాలను క్యాన్సర్ కారకం కావచ్చనే 2బీ వర్గంలో చేర్చింది కదా అంటారు. చేర్చింది, నిజమే. అయితే ఆ నిర్ణయానికి ప్రధాన ఆధారం తలకు ఆనించి మాట్లాడే ఫోన్ల మీద జరిగిన అధ్యయనాలు. ఆ ఆధారం కూడా పరిమితమేనని ఆ సంస్థే చెప్పింది. ఇక్కడే స్విచ్ నొక్కేవాళ్లు ఆలోచించాల్సిన సంగతి ఉంది. రౌటర్ ఆగగానే గదిలోని ఫోన్లన్నీ మొబైల్ డేటాకు మారతాయి. 4జీ ఫోను తన టవర్‌ను అందుకోవడానికి గరిష్ఠంగా ఐదోవంతు వాట్ దాకా ప్రసారం చేయగలదు. సిగ్నల్ ఎంత బలహీనంగా ఉంటే అంత గట్టిగా అరుస్తుంది. చుట్టూ భవనాలు ఆనుకుని ఉన్న లోపలి గదుల్లో సిగ్నల్ ఎలా ఉంటుందో అందులో ఉండేవాళ్లకు తెలుసు. హాల్లో గోడ అవతల ఉన్న రౌటర్‌ను ఆపి, దిండు కింద ఫోన్‌లో డేటా పెట్టుకుంటే ఒంటికి తగిలేది తగ్గదు, పెరిగే అవకాశమే ఎక్కువ. ఫోన్‌ను కూడా ఫ్లైట్ మోడ్‌లో పెడితే తప్ప ఆ స్విచ్ వల్ల ఒరిగేది లేదు. పక్క ఫ్లాట్ల రౌటర్లు ఎలాగూ నడుస్తూనే ఉంటాయి.

మూడోది నిద్ర. అన్ని కారణాల్లోనూ నాకు బలమైనదిగా కనిపించేది ఇదే. అర్ధరాత్రి దాకా గేములు, రీళ్లు, పక్క మంచం మీద గట్టిగా నవ్వులు, ఉదయం ఆరింటికి లేవాల్సిన మనిషికి ఇది చిన్న బాధ కాదు. పడుకునే ముందు తెర చూడటం నిద్రను వెనక్కి నెడుతుందని చెప్పే ఆధారం కూడా ఉంది. అమెరికాలో హార్వర్డ్ అనుబంధ పరిశోధకులు 12 మంది మీద చేసిన అధ్యయనం 2015 జనవరిలో పీఎన్ఏఎస్ పత్రికలో అచ్చయింది. పడుకునే ముందు వెలుగునిచ్చే ఈ-రీడర్‌పై పుస్తకం చదివినవారిలో, కాగితం పుస్తకం చదివినవారితో పోలిస్తే మెలటోనిన్ తగ్గింది, శరీర గడియారం గంటన్నర వెనక్కి జరిగింది. పన్నెండు మందితో చేసిన చిన్న అధ్యయనమే, తెరల వెలుగును కూడా గరిష్ఠంగా పెట్టారు, కాబట్టి అంకెను యథాతథంగా మన గదికి తెచ్చుకోకూడదు. అయినా ఒకటి గమనించాలి: అక్కడ నిద్రను చెడగొట్టింది నెట్ కాదు, వెలుగు. రౌటర్ ఆపితే తెర ఆరిపోదు. మన దగ్గర అసలే ఆరిపోదు, ఎందుకంటే 2016 సెప్టెంబరులో జియో వచ్చాక మొబైల్ డేటా ధర పడిపోయింది. రోజుకు ఒకటిన్నర, రెండు జీబీల ప్యాక్‌లు అర్ధరాత్రి 12 కాగానే మళ్లీ నిండుతాయి. పదకొండింటికి వైఫై పోయినవాడికి పన్నెండింటికి కొత్త కోటా చేతికొస్తుంది. రీళ్లు చూసేవాడు చూస్తూనే ఉంటాడు.

నష్టపోయేది పనిచేసేవాడు. మంచి నాణ్యత గల వీడియో కాల్‌కు సెకనుకు 4 మెగాబిట్లు పోతాయనుకుంటే గంటకు 1.8 జీబీ. రెండు జీబీల ప్యాక్‌ను హాట్‌స్పాట్ పెట్టి వాడితే మీటింగ్ ఒక గంట దాటగానే డేటా అయిపోతుంది. ఎనిమిది గంటల షిఫ్టు అలా నడవదు. ఫోన్ సిగ్నల్ అందని గదుల్లో వైఫై కాలింగ్ మీదే ఆధారపడేవారికి రాత్రి అత్యవసర ఫోన్ మోగదు. ఆసుపత్రి డ్యూటీలో ఉన్నవారికి అది చిన్న లోటు కాదు. కంటికి కనిపించని నష్టం ఇంకోటి ఉంది. రౌటర్ల సాఫ్ట్‌వేర్ సవరణలు చాలావరకు తెల్లవారుజామున, వాడకం తక్కువగా ఉన్నప్పుడు దిగేలా ఏర్పాటు చేస్తారు. రోజూ ఆ వేళకు ఆరిపోయే పెట్టె పాత లోపాలతోనే మిగిలిపోవచ్చు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ మార్చని రౌటర్లను, కెమెరాలను పట్టుకుని, అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద సైట్లను గంటల తరబడి కూలదోసింది. రోజూ ఆపి పెడితే వైరస్ పోతుందిగా అని కొందరంటారు. మెమరీలో మాత్రమే బతికే మిరాయ్ లాంటివి ఆపినప్పుడు పోతాయి, కానీ పాస్‌వర్డ్ మారకపోతే మళ్లీ వస్తాయి. దానికి రెండు నిమిషాల రీస్టార్ట్ చాలు, ఏడు గంటల చీకటి అక్కర్లేదు.

పిడుగుల విషయంలో మాత్రం ఆపేవాళ్లదే రైటు. ఏప్రిల్, మే నెలల సాయంత్రాల్లో ఉరుములతో గాలివాన వస్తే ప్లగ్గు పీకేయాలి. గాజు పోగు కరెంటును మోయదు, అయితే అడాప్టర్ వైపు నుంచి, డాబా మీది పెట్టె నుంచి రాగి కేబుల్ వచ్చే పాత కనెక్షన్లలో ఆ కేబుల్ నుంచి కూడా దెబ్బ తగులుతుంది. ఉరుములు ఆగాక మళ్లీ పెట్టేయొచ్చు.

ఇన్ని కారణాలు చూశాక మిగిలేది ఇది: ఒకరి నిద్ర కోసం, ఒకరి భయం కోసం ఆపాల్సింది రేడియోను. ఒక ఫ్లాట్‌లో నల్లా కారుతోందని డాబా మీది ట్యాంకు వాల్వు కట్టేస్తే అపార్ట్‌మెంట్ అంతా ఎండిపోతుంది, గోడ స్విచ్ చేసే పని అదే. రాత్రి 11 నుంచి 6 దాకా వైఫైని తనంతట తానే ఆపేసి, వెనక ఉన్న ల్యాన్ పోర్టులను మాత్రం పనిచేయనిచ్చే రౌటర్ ఉంటే, షిఫ్టు మనిషి తన బల్ల దాకా ఒక కేబుల్ లాక్కుని పనిచేసుకోవచ్చు. క్యాట్ 6 కేబుల్ 100 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది, ఏ ఫ్లాట్‌కైనా అది ఎక్కువే. ల్యాన్ పోర్టు లేని పలచటి ల్యాప్‌టాప్‌లకు చిన్న యూఎస్‌బీ అడాప్టర్ దొరుకుతుంది. రేడియేషన్ అంటే భయపడేవారి దగ్గర ఇంటి రౌటర్ తరంగాలు ఉండవు, రీళ్లు చూసేవాళ్లకు వైఫై దొరకదు, పనిచేసేవాడికి పక్కింటి రౌటర్ల రొదతో సంబంధం లేని నికరమైన లైను దొరుకుతుంది. సెట్టింగుల్లో దీన్ని వైర్‌లెస్ షెడ్యూల్ అంటారు. తక్కువ ధర రౌటర్లలో కూడా చాలావాటికి ఉంది, కంపెనీ ఇచ్చే పెట్టెల్లో కొన్నిటికి ఉండదు, ఉన్నా తాళం వేసి ఉంచుతారు. అలాంటప్పుడు ఆ పెట్టెలోని వైఫైని ఆపించి, దాని ల్యాన్ పోర్టుకు మీ రౌటర్ తగిలించాలి.

కేబుల్ కుదరని ఇళ్లు ఉంటాయి. వైఫై కాలింగ్ అవసరమైనవాళ్లూ ఉంటారు. అలాంటి ఇంటికి రెండు పేర్లతో వైఫై ఇవ్వగల రౌటర్ చూడాలి: అందరికీ ఒక పేరు, దానికి రాత్రి సెలవు; రాత్రి అవసరమున్నవారికి వేరే పేరు, వేరే పాస్‌వర్డ్. ఒక్కో ఫోన్‌కు వేర్వేరుగా సమయం పెట్టే పేరెంటల్ కంట్రోల్స్ ఉన్నాయి కదా, అవి చాలవా అని అడగొచ్చు. కొంతవరకే. రౌటర్ ఫోన్లను మ్యాక్ అడ్రస్ అనే గుర్తుతో పోల్చుకుంటుంది. 2019లో ఆండ్రాయిడ్ 10, 2020లో ఐఓఎస్ 14 వచ్చాక ఫోన్లు తమ అసలు గుర్తు దాచి, నెట్‌వర్క్‌కు ఒక మారుపేరు ఇస్తున్నాయి. సెట్టింగు మార్చి కొత్త గుర్తుతో వచ్చినవాడిని రౌటర్ కొత్త అతిథిగా భావిస్తుంది. వేరే పాస్‌వర్డ్‌ను అలా దాటడం కుదరదు. ఇంకో చిన్న విషయం చాలా ఇళ్లలో షెడ్యూల్‌ను పాడుచేస్తుంది. రౌటర్‌లో గడియారం గ్రీన్‌విచ్ సమయంలో ఉండిపోతే, 11 గంటలకు ఆగమని చెప్పిన వైఫై మనకు తెల్లవారుజామున 4:30కి ఆగుతుంది. కొన్న రోజే టైమ్‌జోన్‌ను ఐదున్నరకు మార్చాలి. చాలా ఇంటి రౌటర్లలో గడియారానికి బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నెట్ నుంచే సమయం తెచ్చుకోవాలి. అందుకే షెడ్యూల్ మీద నడిచే ఇంట్లో రౌటర్‌కూ ఓఎన్‌టీకీ కలిపి 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఉండటం మంచిది. దాని ఔట్‌పుట్ రెండిటి అడాప్టర్ల మీద రాసిన వోల్టులకు, ఆంపియర్లకు సరిపోవాలి.

ఎంత మంచి రౌటర్ తెచ్చినా గోడ స్విచ్ నొక్కే చేయి ఆగకపోతే ఏం లాభం? ఇది సరైన అభ్యంతరం. కొత్త రౌటర్‌కు దారి ఓఎన్‌టీలోంచే వస్తుంది, అది ఆరిపోతే కొత్తదానికీ దారి లేదు. రౌటర్ ఆ మనిషిని జయించలేదు, అతనికి కావలసింది ఇవ్వగలదు. అందుకే కొనకముందే అతన్ని కూర్చోబెట్టి, నువ్వు ఆపేది దేనికి, నిద్రకా, భయానికా, బిల్లుకా అని అడగాలి. వేళలు అతని చేతే పెట్టించాలి. పదకొండింటికి వైఫై దానంతట అదే ఆగుతుందని కళ్లతో చూసినవాడికి లేచి స్విచ్ దాకా వెళ్లే అవసరం ఉండదు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఒక్కరి గుప్పిట్లో ఉంటే ఇంటి నెట్ మొత్తం ఆ ఒక్కరిదే అవుతుంది, ఇద్దరికైనా తెలిసి ఉండాలి. అప్పటికీ ఒప్పుకోకపోతే, రాత్రి పని మీదే జీతం ఆధారపడినవాళ్లు ఇంకా ఖరీదైన రౌటర్‌కు డబ్బు పోయడం దండగ. తమ గదిలో, తమ ప్లగ్గు మీద వేరే కనెక్షన్ పెట్టుకోవాలి. 2023 సెప్టెంబరు 19న జియో ఎయిర్‌ఫైబర్ మొదలైన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. టవర్ సిగ్నల్ బాగున్న గదికి ఇలాంటి గాలి మీది నెట్ సరిపోతుంది, లోపలి గదులకు రెండో ఫైబరే నయం.

ఇక అట్టపెట్టె మీది అంకెల సంగతి. ఏసీ1200 అంటే 2.4 గిగాహెర్ట్జ్ మీద 300, 5 గిగాహెర్ట్జ్ మీద 867 మెగాబిట్లు కలిపి గుండ్రంగా చేసిన సంఖ్య. ఏ ఫోన్‌కూ ఆ మొత్తం అందదు. వంద మెగాబిట్ల ప్లాన్ పంచుకునే ఐదుగురికి ఆ అంకెలు అడ్డు కావు. 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవని ఛానళ్లు మూడే, 1, 6, 11. గోడ గోడకూ రౌటర్ ఉన్న అమీర్‌పేటలో ఆ మూడూ కిక్కిరిసి ఉంటాయి. కాబట్టి 5 గిగాహెర్ట్జ్ తప్పనిసరి. అది గోడలు దాటడంలో బలహీనం, ఇక్కడ అదే మేలు, పక్కింటిది మీ గదిలోకి, మీది వాళ్ల గదిలోకి తక్కువ వస్తుంది. వైఫై 6 ఉంటే మంచిదే, లేకపోయినా ఈ సమస్యకు లోటు రాదు. షెడ్యూల్ లేకపోతే మాత్రం ఎన్ని యాంటెన్నాలున్నా వద్దు.

హాస్టళ్లు, పీజీలు నడిపేవారికి ఒక విన్నపం. బోర్డు మీద ఫ్రీ వైఫై అని రాసినప్పుడు అది ఏ వేళల్లో ఉంటుందో అడ్వాన్స్ తీసుకునే ముందే చెప్పండి. నైట్ షిఫ్టు వాళ్లున్న గదికి ఒక ల్యాన్ లైను ఇవ్వండి, దానికయ్యే ఖర్చు ఒక కేబుల్, రెండు కనెక్టర్లు. ఇంట్లోకి కొనుక్కునేవారు అమీర్‌పేట దుకాణంలో అడిగినా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ దాకా వెళ్లినా, పెట్టె విప్పించి సెట్టింగుల పేజీ తెరిపించండి. వైర్‌లెస్ షెడ్యూల్ ఎక్కడుంది, రెండో పేరుకు వేరే వేళలు పెట్టొచ్చా, వైఫై ఆపితే ల్యాన్ నడుస్తుందా అని ఈ మూడూ అడగండి. చూపించలేకపోతే ఆ రౌటర్ కొనకండి.